తిండితో తగవు తీర్చుకోవడం ఎలా?

పోయిన పెరటాసి నెలలో (తమిళుల లెక్కలో సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే, వెంకన్నకు ఇష్టమైన నెల), ఒక శనివారం మా ఇంట్లో జరిగిన సంగతి. కొండ మీద నుంచి వచ్చిన లడ్డూని మా అమ్మ పళ్లెంలో చిదిమి అందరి చేతుల్లో పెడుతోంది. తిరుపతిలోనే హాస్టల్లో ఉండి చదువుకునే నా మేనకోడలు ఆ రోజు ఇంటికొచ్చింది. చిటికెడంత తీసుకుని, కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది. జీడిపప్పు పలుకు మాత్రం వేళ్ల మధ్యే ఉండిపోయింది. కాసేపటికి నా పక్కన చేరి మెల్లిగా అడిగింది: "అత్తా, ఇది కరగాలంటే ఎన్ని మెట్లు ఎక్కాల?"

నాకు గుండె కలుక్కుమంది. పదిహేనేళ్ల పాటు నేనూ అదే లెక్కలో బతికాను. అన్నం తింటే అప్పు చేసినట్టు, నడిస్తే కిస్తీ కట్టినట్టు. అద్దం ముందు నిలబడితే బాకీల పుస్తకం తెరిచినట్టు. ఆ లెక్కలో నుంచి బయటపడటానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ దారిలో నాకు, ఈ మేనకోడలు పిల్లకు పనికొచ్చినవి ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను. పిల్లను అడిగి, సరేనన్నాకే దాని సంగతులు ఇందులో చెబుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. షుగర్, కిడ్నీ జబ్బు, గర్భం ఉన్నవాళ్లు తిండిలో ఏ మార్పు చేసినా డాక్టర్ని అడిగే చేయాలి. తిన్నది కక్కేయడం, రోజులకు రోజులు తినకపోవడం దాకా వచ్చినవాళ్లు ఈ వరుస మొదలుపెట్టకముందే చివరి భాగం చదవండి.

1. పది రోజులు రాసుకోండి, ఏదీ మార్చకండి

ప్రతి ఇంట్లోనూ సగం ఖాళీగా మిగిలిపోయిన టీటీడీ డైరీ ఒకటి ఉంటుంది. అది తీయండి. తిన్న ప్రతిసారీ మూడు సంగతులు రాయండి: టైమెంత, తినేముందు ఆకలి ఉందా లేదా, అప్పుడు మనసులో ఏముంది. ఎంత తిన్నారో రాయొద్దు. గ్రాములు, కేలరీలు, ఇడ్లీల లెక్క ఏదీ వద్దు. అవి రాయడం మొదలుపెడితే డైరీ మళ్లీ బాకీల పుస్తకం అయిపోతుంది.

నా డైరీలో మూడో రోజు ఇలా ఉంది: "సాయంత్రం ఆరు. మిక్చర్. ఆకలి లేదు. అమ్మ స్కానింగ్ రిపోర్టు రాలేదని టెన్షన్." ఆ కింద: "రాత్రి పదకొండు. అన్నం, పెరుగు, మళ్లీ మిక్చర్. విపరీతమైన ఆకలి. మధ్యాహ్నం తినలేదు." పది రోజులు అయ్యాక ఆ పేజీలు తిరగేస్తే, నోరు కట్టుకోలేని మనిషినని నన్ను నేను ఎన్నేళ్లు తిట్టుకున్నానో గుర్తొచ్చి ఏడుపొచ్చింది. నేను రాత్రిపూట విపరీతంగా తిన్న ప్రతి రోజూ, పగలు ఏదో ఒక పూట ఎగ్గొట్టిన రోజే.

2. పూటలు నిలబెట్టండి

మొదటి మార్పు ఇదే కావాలి. ఏం తినాలన్నది తర్వాత చూద్దాం. ముందు వేళకు తినడం. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఏదైనా కొంచెం, రాత్రి భోజనం. నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచొద్దు. ఆకలి తెలియకపోయినా సరే, కొన్నాళ్లు గడియారాన్ని నమ్ముకోండి. ఏళ్ల తరబడి నోరు నొక్కిన ఆకలి అడగడం మానేస్తుంది. అది మళ్లీ గొంతు విప్పాలంటే, అడిగితే దొరుకుతుందన్న నమ్మకం దానికి కలగాలి.

దీని వెనక ఉన్న సంగతి తెలిస్తే మీ మీద మీకున్న కోపం సగం పోతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. 24 వారాల పాటు వాళ్లకు తిండి బాగా తగ్గించి పెట్టారు. అంతకుముందు తిండి గురించి పెద్దగా పట్టించుకోని ఆ మగపిల్లలకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే పట్టుకుంది. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు. పళ్లేలు నాకారు. చిరాకు, దిగులు పెరిగాయి. మళ్లీ తిండి పెట్టడం మొదలయ్యాక కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు, కడుపు పగిలేలా తిన్నారు. వాళ్లకు మనోబలం లేక అలా జరిగిందా? కడుపు మాడ్చిన శరీరం ఎవరిదైనా అలాగే చేస్తుంది. మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టిన నా శరీరం రాత్రి పదకొండుకు మిక్చర్ డబ్బా మూత తీయించింది కూడా అందుకే.

సాయంత్రం పూటకు మన ఊళ్లో ఏమీ వెతుక్కోనక్కర్లేదు. ఉడకబెట్టిన చెనక్కాయలు, అలసంద గుగ్గిళ్లు, సీజన్లో అనపకాయలు. గుప్పెడు తింటే రాత్రి భోజనం దాకా ప్రాణం నెమ్మదిగా ఉంటుంది.

3. ఒక్కపొద్దుల వెనక డైట్ దాక్కుని ఉందేమో చూసుకోండి

ఇది మన ఊరివాళ్లకే ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట. పెరటాసి శనివారాలు ఒక్కపొద్దు ఉండటం మా ఇంట్లో ముత్తవ్వల నాటి నుంచీ ఉంది. నేనూ ఉంటాను. దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ మా పిల్ల మొదట శనివారం ఒక్కపొద్దు పట్టింది. తర్వాత గురువారం వచ్చి చేరింది. తర్వాత సోమవారం. పెరటాసి అయిపోయినా ఒక్కపొద్దులు అయిపోలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఈ కాలంలో ఇంత భక్తి ఎవరికుంది" అని మెచ్చుకున్నారు. మేమూ మురిసిపోయాం. ఆ మెచ్చుకోలు చాటున ఏం జరుగుతోందో ఇంట్లో ఒక్కరం కూడా కనిపెట్టలేదు. నాకైతే తెలిసి ఉండాల్సింది.

తేడా కనుక్కోవడానికి నేను ఇప్పుడు మూడు ప్రశ్నలు వేస్తాను. ఒక్కపొద్దు విడిచినప్పుడు సంతోషంగా తింటున్నారా, భయంగా తింటున్నారా? ఒంట్లో బాగాలేక ఆ వారం ఉండలేకపోతే దేవుడికి దండం పెట్టుకుని ఊరుకోగలరా, లేక ఒళ్లు పెరుగుతుందని కంగారు పడతారా? మరుసటి పొద్దున బరువు చూసుకోవాలనిపిస్తోందా? మూడో దానికి అవునని వస్తే, ఆ ఒక్కపొద్దు కొన్నాళ్లు ఆపండి. ఆ పూట పూలో, దీపమో, ఒక గంట సేవో మొక్కుకోండి. మా అమ్మే పిల్లకు ఈ మాట చెప్పింది: "స్వామికి నీ ఆకలి ఎందుకే? తులసాకు పెట్టు, చాలు." నేను చెప్పుంటే వినేది కాదు. అవ్వ చెప్పేసరికి విన్నది.

4. భయపడే పదార్థాన్ని ఒక్కొక్కటిగా ఇంటికి పిలవండి

పూటలు రెండు మూడు వారాలు నిలబడ్డాక ఇది మొదలుపెట్టాలి, అంతకుముందు వద్దు. మీరు తినకూడదని పెట్టుకున్నవన్నీ ఒక కాగితం మీద రాయండి. అన్నం, నెయ్యి, పూరీ, అరటిపండు, లడ్డూ. ఈ మధ్య చాలామంది కాగితంలో అన్నమే మొదట వస్తోంది. అందులో అన్నిటికంటే తక్కువ భయం వేసేదాన్ని ఎంచుకోండి. భోజనం చేసి, కడుపులో కొంత పడ్డాక, కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి, గిన్నెలో పెట్టుకుని తినండి. నిలబడి డబ్బాలో చెయ్యి పెట్టి తింటే దొంగతనం చేసినట్టే ఉంటుంది. అలా తిన్నది లెక్కలోకే రాదని నా భ్రమ కూడా ఒకటుండేది. వారంలో మూడు నాలుగుసార్లు అదే పదార్థం తినండి. మొదట్లో ఎక్కువ తినేయొచ్చు. బెదిరిపోవద్దు, మర్నాటి పూట ఎగ్గొట్టొద్దు. రోజూ దొరికేదాని మీద మోజు నెమ్మదిగా పల్చబడుతుంది. ఏ పూటైనా దొరుకుతుందని నమ్మకం కలిగాక, నాలుక "ఇక చాలు" అనడం మీకే వినిపిస్తుంది.

సంగటి గురించి ఇక్కడ చెప్పాలి. చిత్తూరు జిల్లాలో పుట్టినదాన్ని, చెప్పకుండా ఉండలేను. రాగుల్లో కాల్షియం వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అంత మేలైన ధాన్యమే, కాదనను. కానీ డైట్ పేరుతో రాగిజావను మందులా ముక్కు మూసుకుని తాగేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మా అమ్మ నూకలు మెత్తగా ఉడికించి, మీద రాగిపిండి పోసి, కలపకుండా సన్నసెగన వదిలేస్తుంది. పిండి ఉడికి వాసన మారాక దించి, గిన్నెను కాళ్ల మధ్య బిగించుకుని తెడ్డుతో తిప్పుతుంది. ముద్ద చేసి పళ్లెంలో పెడితే ఇంకా పొగ వస్తుంటుంది. నడిమధ్యలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి వేసుకుని, చెనక్కాయల ఊరిబిండి అద్దుకుని, చిన్న ఉండ చేసి మింగాలి. సంగటి మీకు ఇష్టమైతే ఇట్లా తినండి. ఇష్టం లేకపోతే అన్నం తినండి. పక్కన పప్పు, ఆకుకూర, గుడ్డో పెరుగో ఉంటే అన్నం మీకు ఏ హానీ చేయదు.

5. కడుపు మాట వినడం

తినేటప్పుడు సగంలో ఒకసారి చెయ్యి ఆపండి. ఇంకా ఆకలి ఉందా అని అడగండి. ఉంటే తినండి. నిండిన సంగతి కడుపు నుంచి మెదడుకు చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది కాబట్టి నిదానంగా తింటే ఆ మాట అందుతుంది. అంతే, ఇందులో ఇంకో రహస్యం లేదు.

కష్టం ఎక్కడ వస్తుందంటే, మన ఇళ్లలో ప్రేమను ముద్దలతో కొలుస్తారు. "ఇంకొక్క ముద్ద" అంటుంది అవ్వ. వద్దంటే మొహం చిన్నబోతుంది. మా పిల్ల కనిపెట్టిన జవాబు నాకు బాగా నచ్చింది: "చాలవ్వా, కడుపు నిండింది. రేపు పొద్దున చద్దిసంగటి, మజ్జిగ, ఎర్రగడ్డ నాకే పెట్టు." అవ్వ ఆ ముద్దను మూత పెట్టి దాస్తుంది. ఇద్దరికీ సంతోషమే.

6. నడకను శిక్షలో నుంచి తప్పించండి

కొన్నేళ్ల కిందట నేను ఒక జిమ్‌లో చేరాను. మొదటి రోజే అందరి ముందూ నడుం కొలిచి, గట్టిగా చదివి, ఫోటో తీశారు. "ముందు" అని రాసి గోడకు అతికిస్తామన్నారు. మూడు నెలలు వెళ్లాను. ఆ తర్వాత రెండేళ్లు వ్యాయామం అన్న మాట వింటేనే ఒళ్లు కుంచించుకుపోయేది. అందుకే చెబుతున్నాను: తిన్నదానికి బదులుగా చేసే వ్యాయామం ఎక్కువ కాలం నిలవదు. ఒకవేళ నిలిచినా మనిషిని తినేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది ఇంతే: వారానికి 150 నుంచి 300 నిమిషాలు కొంచెం ఊపిరి వేగం పెరిగే పని, వారానికి రెండు రోజులు కండరాలకు బలం ఇచ్చే పని. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే మొదటిది అయిపోతుంది. యూనివర్సిటీ రోడ్లలో చెట్ల కింద పొద్దున్నే నడిచేవాళ్లు చాలామంది ఉంటారు, తోడు దొరుకుతుంది. ఎండాకాలం మన ఊరి ఎండ సంగతి తెలిసిందే, ఏడులోపే ముగించండి. బలానికి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి వంగి లేవడం చాలు, అలా మొదలుపెట్టండి. నడకతో బరువు తగ్గకపోయినా నిద్ర పడుతుంది, బీపీ, షుగర్ అదుపులో ఉండటానికి సాయపడుతుంది, మనసు తేలికవుతుంది. ఆ లాభాలే డైరీలో రాయండి. ఫోన్లో కేలరీలు చూపే యాప్ ఉంటే తీసేయండి.

ఇక మెట్లు. అలిపిరి దారిలో 3550, శ్రీవారి మెట్టు దారిలో 2388. మా పిల్ల లెక్కంతా ఈ అంకెల మీదే నడిచేది. నేను దాన్ని మళ్లీ అలిపిరికి తీసుకెళ్లాను, ఈసారి వాచీ లేకుండా, మా అమ్మతో కలిసి. మా ముందు ఒకావిడ మెట్టు మెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కుతోంది. వయసు అరవై పైనే. ఒళ్లు బరువైన మనిషి. పది మెట్లకోసారి ఆగి ఆయాసం తీర్చుకుని, "గోవిందా" అని మళ్లీ వంగుతోంది. ఆమె మోకాళ్లు, నడుము, చేతులు ఆ రోజు చేస్తున్న పని ఎంతటిదో చూస్తూ చాలాసేపు ఆమె వెనకే ఎక్కాం. గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు పిల్ల, "అత్తా, నా కాళ్లు కూడా బాగానే పని చేస్తాండాయి" అంది.

ఒకటి గమనించండి. జ్వరంలో కూడా వ్యాయామం మానలేకపోతున్నారా? ఒక రోజు నడవకపోతే ఆ పూట అన్నం తినడానికి మనసొప్పడం లేదా? అప్పుడు కొన్నాళ్లు తగ్గించాలి, ఎవరికైనా చెప్పాలి.

7. బరువు మిషను, బీరువా

బరువును ఎత్తుతో లెక్కగట్టే బీఎంఐ సూత్రాన్ని 1830ల్లో బెల్జియంకు చెందిన అడాల్ఫ్ కెటెలె కట్టారు. ఆయన గణితజ్ఞుడు, జనాభా సగటులు చూడటానికి కట్టారు. ఒక్కో మనిషి ఆరోగ్యం తేల్చడానికి కట్టలేదు. దానికి ఇప్పటి పేరు పెట్టింది మిన్నెసోటా ప్రయోగం చేసిన ఆ ఆన్సెల్ కీసే, 1972లో. కండ ఎంతో కొవ్వు ఎంతో అది చెప్పలేదు. భారతీయులకు తక్కువ బరువులోనే షుగర్ వచ్చే ప్రమాదం ఉందన్నది కూడా నిజమే. అందుకే పరీక్షలు మానొద్దు. ఏడాదికోసారి రక్తంలో షుగర్, బీపీ చూపించుకోండి. డాక్టర్ దగ్గర బరువు చూసుకోండి. ఇంట్లో మిషను మాత్రం ఎవరికైనా ఇచ్చేయండి. మేము మాది ఇచ్చేశాం.

బీరువా పని ఒక ఆదివారం పెట్టుకోండి. చంకల దగ్గర ఎర్రటి గీత పడేసే జాకెట్టు వేసుకుని రోజంతా తిరిగితే, గంటకోసారి "లావయ్యావు" అని ఎవరో చెవిలో చెబుతున్నట్టే ఉంటుంది. మన టైలర్లు జాకెట్టు పక్కల్లో రెండు మూడు కుట్లు వేసి, లోపల గుడ్డ మిగులు వదులుతారు. బ్లేడుతో బయటి కుట్టు ఒకటి విప్పితే వెడల్పు వస్తుంది. ఆ ఆదివారం నేను పదకొండు జాకెట్లు విప్పాను. విప్పినా పట్టనివి, "సన్నబడ్డాక వేసుకుంటా" అని ఏళ్లుగా దాచినవి మా చెల్లెలి కూతుళ్లకు ఇచ్చాను. సోమవారం పొద్దున ఏ జాకెట్టు తీసినా పట్టింది. ఊపిరి కూడా హాయిగా ఆడింది.

8. కంటికి కొత్త అలవాటు

వేరే ఊళ్లో గుండుతో ఉన్న ఆడమనిషి బస్సెక్కితే తలలు తిరుగుతాయి. తిరుపతిలో ఎవరూ తిరిగి చూడరు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, చందనం రాసుకున్న గుండ్లతో అమ్మలు, అత్తలు, చంటిపిల్లలు, పెళ్లీడు ఆడపిల్లలు బస్టాండులో, హోటళ్లలో, మన పక్క సీట్లో కూర్చుంటారు. మన కంటికి అది వింత కాదు, ముచ్చటే. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి. అందం అంటే ఏమిటో కంటికి నేర్పేది మాటిమాటికీ కనబడేదే.

ఇది తిరగబడి కూడా పనిచేస్తుంది. ఫిజీ దీవుల్లో నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అక్కడ నిండైన ఒళ్లంటేనే గౌరవం. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అక్కడి బడి ఆడపిల్లలను అడిగితే, టీవీ వచ్చిన కొత్తలో సన్నబడటానికి తిన్నది కక్కేస్తామన్నవాళ్లు ఒక్కరూ లేరు. 1998లో మళ్లీ అడిగితే 11.3 శాతం మంది అవునన్నారు. మూడేళ్లలో. ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఉన్న ఫోను ఆ టీవీకి ఎన్ని రెట్లో మీరే ఊహించండి.

కాబట్టి ఫోను తీసి, చూశాక మీ ఒంటి మీద మీకు అసహ్యం పుట్టించే ఖాతాలను ఈ రోజే ఆపేయండి. వాటి బదులు రకరకాల ఒళ్లున్న మనుషులు పాడేవి, ఆడేవి, వండేవి, పరిగెత్తేవి చూడండి. ఫిల్టర్లు తీసేయండి. ఒళ్లంటే పొంగిపోయే ప్రేమ రావాలని నేను అడగను, అది నాకూ రాలేదు. స్నానం చేశాక నూనె రాసుకుంటూ తిట్టుకోకుండా ఉండగలిగితే, ఆ రోజు చాలా జరిగినట్టే.

9. చుట్టాల నోళ్లు

పెళ్లికి వెళ్తే గుమ్మంలోనే మొదలు: "ఏం మే, ఇంత లావైపోయినావు?" లేదంటే, "చిక్కి శల్యమైపోయినావే, తినడం లేదా?" వాళ్లకది పలకరింపు. మనకు వారం రోజుల నిద్ర పోతుంది. కొట్లాట పెట్టుకోనక్కర్లేదు. నేను అనేది: "ఒళ్లు సంగతి వదిలేయ్ పెద్దమ్మా, నీ మోకాళ్ల నొప్పి ఎట్లుంది?" ఆమెకు చెప్పుకోవడానికి బోలెడు ఉంటుంది. దగ్గరివాళ్లయితే తర్వాత విడిగా, "ఆ మాట నాకు కష్టమైంది, ఇంకెప్పుడూ అనొద్దు" అని చెప్పేయండి. మా వదిన ఒక్కసారి చెబితే మానేసింది.

ఇంట్లో పిల్లలుంటే పెద్దవాళ్ల నోటికి కూడా కాపలా కావాలి. ఆడపిల్ల రెండో దోసె అడిగితే మొహం చిట్లించడం, మగపిల్లాడిని బొద్దుగా ఉన్నాడని పేరు పెట్టి పిలవడం, అద్దం ముందు మన పొట్టను మనమే తిట్టుకోవడం, మార్కులొస్తే ఐస్‌క్రీం, రాకపోతే లేదనడం, అన్నీ ఆపాలి. నేను అద్దం ముందు అన్న మాటలే మా పిల్ల నోట విన్నాను. నేనన్నవి అన్నట్టే.

10. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

తిన్నది కావాలని కక్కడం, విరేచనాల మందులు వేసుకోవడం, కొద్ది సేపట్లోనే ఆపుకోలేనంతగా తినేసి సిగ్గుతో దాచడం, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఎప్పుడూ చలిగా ఉండటం, నలుగురిలో తినలేకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయొద్దు. ఇవి పిల్లల మొండితనం వల్ల వచ్చేవి కావు, వైద్యం ఉన్న జబ్బులు. లావుగా ఉన్నవాళ్లకూ, మగపిల్లలకూ వస్తాయి. గుండె దడ, స్పృహ తప్పడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందని పిల్లలు చెబితే ఒంటరిగా వదలకండి. ఎవరికి చెప్పాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ముందు మామూలు డాక్టర్ దగ్గరికే వెళ్లినా సరే, థైరాయిడ్, పీసీఓడీ లాంటివి కూడా చూస్తారు.

వెళ్లేటప్పుడు తోడుగా ఒకరుండండి, కానీ కొంతసేపు పిల్లను ఒంటరిగా డాక్టర్‌తో మాట్లాడనివ్వండి. అమ్మ ముందు చెప్పలేనివి ఉంటాయి. మొదటి పది రోజులు రాసిన డైరీ వెంట తీసుకెళ్లండి. మా పిల్ల అదే పట్టుకెళ్లింది. డాక్టరమ్మ ముందు కూర్చుంటే నోట మాట రాలేదట. డైరీ తెరిచి, ఒక్కపొద్దులు రాసిన పేజీ తిప్పి, బల్ల మీద ఆమె వైపు జరిపింది.